పాత డిస్క్‌లో తొమ్మిదేళ్ల పెళ్లిళ్లున్నాయి, కొత్త సిస్టమ్‌కి మార్చడం ఎలా?

ప్రశ్న: నమస్తే సార్, మాది నరసన్నపేట, చిన్న ఫోటో స్టూడియో. విండోస్ 10కి ఇంక అప్‌డేట్లు రావన్నారని కొత్త సిస్టమ్ కట్టించాను, 500 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11. పాత సిస్టమ్‌లో ఒకటే 2 టీబీ హార్డ్ డిస్క్, దాన్నే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసుకుని వాడాను. తొమ్మిదేళ్ల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు అన్నీ ఆ మూడో ముక్క, ఈ (E) డ్రైవ్‌లోనే ఉన్నాయి. సిస్టమ్ కట్టిన కుర్రాడేమో "కొత్తది జీపీటీ సార్, మీ పాత డిస్క్ ఎంబీఆర్, ఫార్మాట్ కొట్టకపోతే తీసుకోదు" అంటున్నాడు. ఫార్మాట్ కొట్టీస్తే ఇంకేటి మిగుల్తాది? డేటా పోకుండా అదే డిస్క్‌ని కొత్త దాన్లో వాడుకోడానికి అవుద్దా, అవదా?

జవాబు: అవుద్దండి, నిక్షేపంలా అవుద్ది. ఎవరెన్ని చెప్పినా ఫార్మాట్ మాత్రం కొట్టించకండి.

ఆ కుర్రాడు ఎక్కడో విన్నది తప్పుగా అన్వయించాడు. జీపీటీ, ఎంబీఆర్ అంటే డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే రెండు పద్ధతులు, ఎంబీఆర్ పాతది. జీపీటీ ఉండాలన్న నియమం విండోస్ 11 బూట్ అయ్యే డిస్క్‌కి, అంటే మీ కొత్త ఎస్ఎస్‌డీకి, పక్కన డేటా కోసం పెట్టుకునే డిస్క్ ఎంబీఆర్‌లో ఉన్నా విండోస్ 11 శుభ్రంగా చదువుద్ది, రాస్తుంది కూడా. ఎంబీఆర్‌కి ఒక హద్దుంది, సుమారు 2.2 టీబీ దాటిన డిస్క్‌లో ఆ పైన చోటు వాడుకోలేదు, మీది 2 టీబీయే కాబట్టి ఆ గొడవ మీకు లేదు. కొత్త దాన్లో అది 1.81 టీబీ అని కనిపిస్తే కంగారు పడకండి, పాత దాన్లో కూడా అంతే చూపించి ఉంటాది, కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా.

ఇంక పని సంగతి. డిస్క్ ఊడదీసి ఇటు పెట్టడం పావుగంట పని, దానికి ముందు ఒక రాత్రి పనుంది, అది చెయ్యకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నా. పాత సిస్టమ్ ఇంకా నడుస్తోంది కదా, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి, ఆ ఈ డ్రైవ్ మొత్తం దాన్లోకి కాపీ పెట్టండి. తొమ్మిదేళ్ల పెళ్లిళ్లు ఒకే ఒక్క డిస్క్ మీద ఉన్నాయంటే, అవి మీవి కూడా కాదు, ఎవరి ఇంటి పెళ్లి ఫోటోలో అవి, ఆల్బమ్ తడిసిపోయిందనో పిల్లలు చింపేశారనో వాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు. కాపీ పెట్టేటప్పుడు కేబుల్ నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకి పెట్టండి, నల్ల పోర్టు చాలా వాటిలో పాత రకం, దాన్లో పెడితే సెకనుకి ముప్పై నలభై ఎంబీ దాటదు, 2 టీబీకి పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటలు పడుద్ది, నీలం దాన్లో అయితే రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోవచ్చు. ఆ రాత్రి సిస్టమ్ నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ అని పెట్టండి, యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే రోజు చూసుకుని మాత్రం పెట్టకండి.

కాపీ అయ్యాక ఊరికే ఫోల్డర్ పేర్లు చూసి సరే అనుకోవద్దు. రెండు వైపులా ప్రాపర్టీస్ తీసి ఫైళ్ల సంఖ్య, సైజు పక్కపక్కన పెట్టి చూడండి, ఒక ఇరవై ముప్పై ఫోటోలు అక్కడక్కడా తెరిచి కిందదాకా పూర్తిగా వస్తున్నాయో లేదో చూడండి, సగం ఫోటో వచ్చి మిగతాది బూడిద రంగులో ఉంటే ఆ ఫైలు పాడైనట్టే.

ఇంకోటి, స్టూడియో వాళ్లందరూ "మా డేటా అంతా ఈ డ్రైవ్‌లోనే ఉంది" అంటారు, నమ్మకండి, మీ మాట మీరే నమ్మకండి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ సీ డ్రైవ్‌లో ఉంటాయి, సీ లో యూజర్స్ అనే ఫోల్డర్, దాన్లో మీ పేరు, దాన్లో డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్. నేను చూసిన ప్రతి స్టూడియోలో డెస్క్‌టాప్ మీద "న్యూ ఫోల్డర్ 3" అనో "అర్జెంట్" అనో ఒకటుంటాది, తెరిచి చూస్తే డెలివరీ ఇవ్వాల్సిన ఆల్బమ్ డిజైన్ దాన్లోనే ఉంటాది.

కాపీ చేతికి వచ్చాక ఇంక ధైర్యంగా ఊడదీయొచ్చు. పాత సిస్టమ్ ఆపేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కండి, ఎందుకంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా పడుకోదు, మళ్లీ త్వరగా లేవడానికి కొంత సరుకు డిస్క్ మీదే దాచుకుంటుంది, షిఫ్ట్ పట్టుకుంటే పూర్తిగా ఆగుద్ది. తర్వాత రెండు సిస్టమ్‌ల ప్లగ్గులూ గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలేసి, కేబినెట్ ఇనుము మీద చెయ్యి పెట్టి అప్పుడు లోపల ముట్టుకోండి.

డిస్క్ వెనకాల రెండు కేబుళ్లు, సన్నదేమో డేటా కేబుల్, వెడల్పుది పవర్. రెండిటి మూతీ ఎల్ ఆకారంలో ఉంటాది కాబట్టి తిరగేసి పెట్టలేరు, దూరకపోతే బలవంతంగా నొక్కకండి, ఆ లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగితే డిస్క్ బాగున్నా పనికిరాకుండా పోద్ది. డేటా కేబుల్ పాతదే తెచ్చుకోవచ్చు. కానీ పవర్ కేబుల్ విషయంలో ఒక్క మాట, పాత సిస్టమ్ ఎస్ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా) నుంచి ఊడొచ్చే రకం పవర్ కేబుల్ ఉంటే దాన్ని తెచ్చి కొత్త ఎస్ఎంపీఎస్‌కి పొరపాటున కూడా తగిలించవద్దు, డిస్క్ వైపు మూతి ఒకేలా ఉంటాది గానీ ఎస్ఎంపీఎస్ వైపు వైర్ల వరస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వోల్టులు వెళ్తే స్విచ్ వేసిన క్షణంలో డిస్క్ బోర్డు కాలిపోద్ది. కొత్త ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన కేబులే వాడండి. డిస్క్‌ని కేబినెట్ అడుగున ఊరికే పడేసి వదిలేయకుండా స్క్రూలు బిగించండి, లోపల పళ్ళేలు నిమిషానికి 5400, 7200 సార్లు తిరుగుతుంటాయి, కదిలే డిస్క్ ఎక్కువ కాలం బతకదు.

ఆన్ చేశాక పాత విండోస్ లేస్తే భయపడకండి. డిస్క్‌లో పాత సీ డ్రైవ్ అలాగే ఉంది కదా, బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి బూట్ వరసలో, అంటే ఏ డిస్క్ నుంచి లేవాలనే వరసలో, కొత్త ఎస్ఎస్‌డీని మొదట పెట్టండి. డిస్క్ అసలు కనిపించకపోతే డేటా కేబుల్‌ని బోర్డు మీద వేరే సాటా పోర్టుకి మార్చి చూడండి, కొన్ని బోర్డుల్లో ఎం.2 రకం (కేబుల్ లేకుండా బోర్డుకే గుచ్చే) ఎస్ఎస్‌డీ పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఏ పోర్టో రాసుంటాది, ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటు బయట పారేయకండి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన ముక్క. కొత్త దాన్లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనిపిస్తాది. మామూలుగా అయితే డీ, ఈ, ఎఫ్ అని అక్షరాలతో మీ ముక్కలు కనిపిస్తాయి, అంతా బాగున్నట్టే. అలా కాకుండా "ఇనిషియలైజ్ డిస్క్" అని ఒక పెట్టె లేచి ఎంబీఆరా జీపీటీయా అని అడిగితే, లేదా డ్రైవ్ మీద క్లిక్ చెయ్యగానే "ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటావా" అని అడిగితే, క్యాన్సిల్ నొక్కి అక్కడితో ఆగిపోండి. ఆ పెట్టె ఎంత మర్యాదగా అడుగుద్దంటే అది నొక్కడమే తరువాతి పని అనిపిస్తాది, ఓకే మీదికే చెయ్యి పోద్ది. విండోస్ అడుగుతోంది అంటే దానికి మీ డేటా అర్థం కావట్లేదని అర్థం, డేటా లేదని కాదు. కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి, డిస్క్‌ని తిరిగి పాత సిస్టమ్‌లో పెట్టి చూడండి, అక్కడ కనిపిస్తే డిస్క్ బాగానే ఉంది. ఇదే ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా బోర్డుకి పెట్టిన వాళ్లకి కూడా వస్తాది, కొన్ని డబ్బాల్లో ఉండే సర్క్యూట్ సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గది) సైజు మార్చి చూపిస్తాది, ఇంకొన్ని డేటాని తనే తాళం వేసి రాస్తాది, ఆ డబ్బా లేకుండా డిస్క్‌కి అర్థం లేదు, మళ్లీ ఆ డబ్బాలోనే పెడితే ఫైళ్లు వచ్చేస్తాయి.

ఒక డిస్క్ నా చేతులతోనే పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత చెప్తున్నా. మా నాన్నగారు విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో జముకుల కథలు చెప్పిస్తే క్యాసెట్లలో రికార్డు చేసుకునేవారు, వాటిని నేను కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను, ఎక్కించాక క్యాసెట్లు ఎవరెవరో పట్టుకుపోయారు. కొన్నాళ్లకి విండోస్ మళ్లీ వేసుకుంటూ రెండు డిస్కులూ తగిలించి ఉంచేశాను, రెండూ 1 టీబీయే, ఆ ఇన్‌స్టాల్ స్క్రీన్ మీద మనకి అలవాటైన డీ, ఈ అక్షరాలు ఉండవు, డ్రైవ్ 0, డ్రైవ్ 1 అని ఉంటాది. నేను తప్పు దాన్ని డిలీట్ చేసి, దాని మీదే విండోస్ రాయించేశాను. కొన్ని ఫైళ్లు తిరిగొచ్చాయి, మధ్యలో తెగిపోయి. కథ చెప్పేవాళ్ల గొంతు వస్తాది, జముకు మోగుద్ది, సరిగ్గా పాట ఎత్తుకునే చోట ఆగిపోద్ది. కాబట్టి విండోస్ ఎప్పుడు ఎక్కించినా, ఎవరి చేత ఎక్కించినా, డేటా డిస్క్ పవర్ కేబుల్ పీకేసి అప్పుడు మొదలుపెట్టించండి, దగ్గరుండి చూడండి.

మీకు ఇంకో రెండు ఇబ్బందులు రావచ్చు, రెండూ చిన్నవే. ఒకటి అక్షరం మారడం. పాత దాన్లో ఈ డ్రైవ్‌గా ఉన్నది కొత్త దాన్లో ఎఫ్ అయితే మీ ఎడిటింగ్ ప్రాజెక్టులు తెరిచినప్పుడు క్లిప్పులన్నీ మిస్సింగ్ అంటాయి, ఎందుకంటే ప్రాజెక్ట్ ఫైలు లోపల ఈ డ్రైవ్ అనే అడ్రసే రాసి ఉంటాది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ ముక్క మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్‌లో మళ్లీ ఈ పెట్టేయండి, కార్డ్ రీడరో ఇంకోటో ఆ అక్షరం తీసుకుని ఉంటే ముందు దానికి వేరే అక్షరం ఇవ్వండి.

రెండోది, పాత యూజర్స్ ఫోల్డర్ తెరవబోతే నీకు పర్మిషన్ లేదంటాది. మీ పేరే, మీ డిస్కే, అయినా అలాగే అంటాది. విండోస్ లోపల మనిషిని పేరుతో గుర్తుపట్టదు, అకౌంట్ తయారైన రోజు ఇచ్చిన ఒక పొడుగాటి నంబరుతో గుర్తుపడుద్ది, కొత్త విండోస్‌లో మీ పేరు అదే గానీ నంబరు వేరు. కంటిన్యూ అని బటన్ ఉంటాది, నొక్కి కాసేపు ఆగండి, ఫైళ్లు ఎక్కువుంటే పది నిమిషాలు కూడా పట్టొచ్చు. ఆ తర్వాత కావాల్సినవి బయటికి కాపీ చేసుకోండి. పాత విండోస్ ఫోల్డర్లని మాత్రం చోటు కోసమని వెంటనే చెరిపేయకండి, రెండు మూడు నెలలు ఉండనివ్వండి, ఎందుకో కింది ప్రశ్న చదివితే తెలుస్తాది.

ఇంతకీ తొమ్మిదేళ్ల డిస్క్‌ని ఇంకా వాడొచ్చా అని మీరు అడగలేదు, నేను చెప్తా. రోజుకి పది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు అనుకుంటే 27,000 గంటలు తిరిగిన డిస్క్ అది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి, గంటల లెక్క పైనే ఉంటాది. గంటల కన్నా నేను ముందు చూసేది రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే రెండు వరసలు, అంటే పాడైపోయిన గదులు, పాడయ్యాయేమోనని అనుమానం ఉన్న గదులు, వాటి ఎదురుగా రా వాల్యూస్ అన్న చోట అన్నీ సున్నాలుంటే మంచిది, పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆ డిస్క్ మీద కొత్త పని ఏదీ పెట్టకండి. అన్నీ సున్నాలే ఉన్నా సరే, నేనైతే దాన్ని పాత పెళ్లిళ్లు దాచుకోడానికి వాడతా, ఈ సీజన్ షూట్లు ఎస్ఎస్‌డీలోనో కొత్త డిస్క్‌లోనో పెడతా.

ప్రశ్న: మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర డీటీపీ షాపు. పాత డీ డ్రైవ్ డిస్క్ ఒక్కటే కొత్త సిస్టమ్‌కి పెట్టాము, ఫైళ్లన్నీ వచ్చాయి గానీ పేజ్‌మేకర్‌లో శుభలేఖలు తెరిస్తే తెలుగంతా పోయి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. డిస్క్ మార్చడంలో ఫైళ్లు పాడయ్యాయా?

జవాబు: పాడవలేదు, ఊపిరి పీల్చుకోండి. మీరు వాడేవి అను ఫాంట్లు అయ్యుంటాయి, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న ఉమ్మడి అక్షరాల పద్ధతి) కావు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, ఫైల్లో ఉన్నది ఆ గది నంబర్లే, ఫాంట్ ఉంటే "చి.ల.సౌ." అని కనిపిస్తాది, ఫాంట్ లేకపోతే కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫాంట్లు డీ డ్రైవ్‌లో ఉండవు, పాత సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్‌లో ఉంటాయి. పాత సీ డిస్క్ ఎక్కడుందో వెతికి దాన్లోంచి మీరు కొన్న ఫాంట్లు తెచ్చి కొత్త దాన్లో ఇన్‌స్టాల్ చెయ్యండి, టైపు చేసే కీబోర్డు ప్రోగ్రాం మాత్రం కాపీ చేస్తే పని చెయ్యదు, మళ్లీ ఎక్కించాల్సిందే. అప్పటిదాకా ఆ ఫైళ్లు తెరిచినప్పుడు ఫాంట్ మార్చమంటావా అని అడిగినా ఒప్పుకోవద్దు, సేవ్ చెయ్యకుండా మూసేయండి, మార్చి సేవ్ చేస్తే ఎక్కడ ఏ ఫాంట్ ఉండేదో ఆ గుర్తు పోద్ది.

ప్రశ్న: లాప్‌టాప్ చచ్చిపోతే దాన్లోని ఎస్ఎస్‌డీ తీసి యూఎస్‌బీ కేసులో పెట్టాను. తెరిస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది, నేనెప్పుడూ తాళం వెయ్యలేదు. – బొబ్బిలి నుంచి ఒక విద్యార్థి

జవాబు: నువ్వు వెయ్యలేదు బాబూ, లాప్‌టాప్ తనే వేసుకుంది, ఈ మధ్య వచ్చేవాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, ఎన్‌క్రిప్షన్ అనే ఆ తాళం దానంతటదే ఆన్ అవుద్ది. ఆ కీ 48 అంకెలు, ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటాది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి అదే మెయిల్ ఐడీతో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైజెస్‌లో బిట్‌లాకర్ కీలు చూడు, స్క్రీన్ మీద చూపించే కీ ఐడీ దానితో కలవాలి. లాప్‌టాప్ కొన్న రోజు షాపు వాళ్లు వాళ్ల మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చి ఉంటే కీ వాళ్ల అకౌంట్‌లో ఉండొచ్చు, వెళ్లి అడుగు. కీ లేకుండా తెరిచిస్తానని డబ్బులడిగే వాళ్లకి మాత్రం ఇవ్వకు, అది ఎవరివల్లా కాదు.

ప్రశ్న: మాది కవిటి అండి. తిత్లీ తుఫానుకి ముందు మా కొబ్బరితోట ఫోటోలు, మా మావయ్యగారు తోటలో తిరుగుతున్న వీడియోలు పాత కంప్యూటర్ డిస్క్‌లో ఉన్నాయి. ఇప్పుడా తోటా లేదు, ఆయనా లేరు. మా అబ్బాయి కొత్త కంప్యూటర్‌కి డిస్క్ పెడితే టక్ టక్ టక్ అని చప్పుడొచ్చి ఆగిపోతోంది. నాలుగైదు సార్లు పెట్టి చూశాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ డిస్క్‌కి కరెంటు ఇవ్వడం ఆపించండి, ఐదోసారి, ఆరోసారి వద్దు. ఆ చప్పుడు చాలాసార్లు, పళ్ళెం మీది డేటా చదివే ముల్లు (హెడ్) తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి కొట్టుకునేది. ఆ ముల్లుకీ పళ్ళేనికీ మధ్య దూరం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, ముల్లు దెబ్బతిని ఉంటే తిరిగిన ప్రతిసారీ పళ్ళెం మీద గీత పడొచ్చు, గీత పడ్డ చోట ఫోటో ఏ ల్యాబ్ వల్లా రాదు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లుంటారు, తేమ చేరి ఉన్నది కూడా పోద్ది. మూత విప్పి చూస్తాననే వాళ్లకి అసలే ఇవ్వకండి, గదిలో కళ్లకి కనపడని దుమ్ము ఆ ముల్లుకి బండరాయి లాంటిది. రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా దీనికి పనికిరావు, అవి చెరిగిపోయిన ఫైళ్లకి, విరిగిన డిస్క్‌కి కాదు.

దీనికి దుమ్ము లేని గది ఉండి, ముల్లు మార్చే పని తెలిసిన డేటా రికవరీ ల్యాబ్ కావాలి. ఖర్చు వేలల్లో ఉంటాది, ముందే చెప్తున్నా. ఇచ్చే ముందు డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఇప్పుడు కుదరకపోతే తొందరేం లేదు, తిరగకుండా ఉన్న డిస్క్ ఏడాది ఆగినా అలాగే ఉంటాది.

ఈలోగా ఒక పని చెయ్యండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది, అంతకు ముందు ఏడాది రెండేళ్లలో మీ ఇంటికి ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకోండి, పండక్కి వచ్చిన ఆడపడుచులు, వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండే మేనల్లుళ్లు, వాళ్ల పాత ఫోన్లలో, వాట్సాప్‌లో, గూగుల్ ఫోటోస్‌లో ఆ తోట తప్పకుండా ఎక్కడో ఒకచోట ఉంటాది, మీ ఉద్దానం వైపు వచ్చి కొబ్బరితోటలో ఫోటో దిగకుండా ఎవరూ వెళ్లరు కదా. ఫోన్ చేసి అడగండి, వచ్చినవన్నీ రెండు చోట్ల పెట్టించండి. డిస్క్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "కరెంటు ఇవ్వకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి బీరువాలో పెట్టండి, అబ్బాయి స్నేహితులెవరైనా ఒక్కసారి చూస్తామన్నా బయటికి తియ్యకండి.